తన పొరపాటుకు తానే సంతకం చేసిన లక్ష్మీసుందరి గారు

1991 జూన్ 17న ఉద్యాన శాఖలో ఉద్యోగ బాధ్యతలు స్వీకరించిన శ్రీమతి లక్ష్మీసుందరి గారు, ముప్పై అయిదేళ్ల అవిరామ సేవ అనంతరం, చోడవరం ఉద్యానాధికారిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పాడేరు కొండల్లో కాఫీ, మిరియాల తోటల నడుమ తొలి పదేళ్లు గడిపి, ఆపై బుచ్చయ్యపేటలో కూరగాయల సాగుకు ఊతమిచ్చి, 2018లో వారు చోడవరం వచ్చారు. మరుసటి ఏడే చెరకు రైతులకు అవకాడోను పరిచయం చేశారు.

వారి మాట నమ్మి రావికమతం మండలంలో తొలుత మొక్కలు నాటినవారు అచ్చియ్యమ్మ గారు. చెరకు తీసిన పల్లపు మడిలో అరవై మొక్కలు. 2023 ఆగస్టులో తొలి కాపు నిలిచిన తరుణంలోనే, ఎగువ గట్టున పదమూడు చెట్ల ఆకులు పసుపుబారి వేలాడసాగాయి. నీరు చాలలేదేమోనని ఆవిడ రోజూ తడి పెట్టారు. చెట్లు మరింత వాడిపోయాయి.

కబురందుకుని వచ్చిన లక్ష్మీసుందరి గారు బురదలో మోకాళ్లూని మట్టి తవ్వారు. సన్నని పీచు వేళ్లు నల్లబడి, పట్టుకుంటే పుటుక్కున విరిగిపోతున్నాయి. వేరుకుళ్లు. నీటి వెంట పాకే తెగులు. రెండు రోజుల్లో వాయుగుండం తీరం దాటుతుందన్న హెచ్చరిక అప్పటికే వెలువడింది. ఎగువ చెట్లను వానలోగా తొలగించకుంటే తోటంతా పోతుంది. చిత్రమేమిటంటే, విరగకాసినవి ఆ పదమూడే.

"కాయలున్న సెట్టుని కొట్టెయ్యమంటారేటి మేడం గారూ? నానేటి తప్పు సేసేను?" అన్నారు అచ్చియ్యమ్మ గారు.

ఆ మడిని చూసి, సరేనన్నది లక్ష్మీసుందరి గారే. నీరు నిలిచే నేలలో అవకాడో బతకదని తెలిసీ, ఎండాకాలంలో ఒక్కసారి చూసి ఊరుకున్నారు.

"తప్పు నీది కాదు అచ్చియ్యమ్మా. ఇక్కడ వెయ్యమన్నది నేను. ఆ కాపు బలంతో వచ్చింది కాదు, చచ్చిపోయే ముందు వచ్చింది."

చివరికి అచ్చియ్యమ్మ గారే గొడ్డలి తెచ్చి ఇచ్చారు.

సాయంత్రానికి పదమూడు చెట్లనూ వేళ్లతో పెకలించి కాల్చారు. మరునాడు కాలువలు తీసి, మిగిలిన చెట్ల మొదళ్లకు మందు పోశారు. ఆ తర్వాత మూడు రోజులు వాన. నెల గడిచాక తవ్వి చూస్తే, తెల్లని కొత్త వేళ్లు కనిపించాయి. మరో నాలుగు చెట్లు పోయాయి. నలభై మూడు నేటికీ కాస్తున్నాయి.

అతి తడి వల్ల నష్టమని నివేదికలో రాస్తే సరిపోతుందని సహోద్యోగి ఫణిశ్రీనివాస్ గారు హితవు చెప్పారు. అది అబద్ధం కాదు గానీ, రైతు మీదికి నెట్టే నిజం. లక్ష్మీసుందరి గారు స్థల నిర్ణయం తమదేనని రాసి సంతకం చేశారు. సంజాయిషీ కోరుతూ మెమో వచ్చింది, పదోన్నతి రాలేదు. నాటినుంచి మా కార్యాలయంలో, గొయ్యి తవ్వి నీరు పోసి, అది ఎంతసేపట్లో ఇంకుతుందో చూడకుండా ఎవరికీ మొక్క సిఫారసు చేయడం లేదు.

భర్త వేంకటరమణమూర్తి గారితో, కుమార్తె సంయుక్తతో కలిసి, నొప్పెరుగని మోకాళ్లతో, మనశ్శాంతితో వారు నిండు నూరేళ్లు జీవించాలని మేమందరం మనసారా కోరుకుంటున్నాము.