పిట్ట ముట్టని కల్లు

"ఉమ్మెయ్యకు సారయ్యా, దుకాణపోళ్లు చూస్తున్నరు."

"చూడనీ. ఇది కల్లు కాదు."

"మరి ఏంది?"

"నీళ్లల్ల శక్కరి కలిపిన్రు. మీదికెళ్లి ఏదో మందు. నాలుకకు తిమ్మిరెక్కింది."

"నాకు మంచిగనే ఉన్నది."

"నీకు కుడితి పోసినా మంచిగనే ఉంటది, పరశురాములూ."

మంథనిలో బస్సెక్కి, దారిలో వాళ్లు దిగిన మొదటి కల్లు దుకాణం అది. తెల్లారితే సారయ్య భార్య ఐలవ్వ ఏడాది మాసికం.

"రేపు పిట్టకు పెట్టేటందుకేనాయె. కాకి రుచి చూసి వంకలు పెడతదా? ఒక సీస పోయించుకోని ఇంటికి పోదాం."

"పోయినేడు దినాలనాడు గట్లనే అనుకున్న. కోడికూర పెట్టిన. గారెలు పెట్టిన. సీస కల్లు పెట్టిన. పొద్దు నడినెత్తికొచ్చినా ఒక్క పిట్ట వాలలే. ఇస్తారి ఎత్తి ఆవుకు పెట్టి లేసినం."

"కాకులకు ఆనాడు ఏం పని పడ్డదో."

"నవ్వుతున్నవా?"

"లేదు తీ."

"పది మంది నడుమ నా బామ్మర్ది రాంచందర్ గాడు ఏమన్నడు? 'మా అక్కకు ఏం కొదువ చేసినవో, గందుకే ముట్టలే' అన్నడు. రేపు ముట్టాలె. ముట్టకపోతె వాడన్నదే నిజమైతది."

"ఐలవ్వక్కకు ఇష్టమైన కల్లు మీ అత్తగారూర్ల బాలవ్వ కాడిది. నాది గూడ ఆ ఊరేనాయె, నాకెరుక లేదా? సీదా ఆడికే పోతె..."

"ఆ ఊరి పొలిమేర తొక్కను."

"బాలవ్వ ఏం చేసింది నిన్ను?"

"తొక్కనన్న గదా. బస్సొస్తున్నది, లెవ్వు."

ఆ బస్సులో సీట్లన్నీ ఆడవాళ్లతో నిండిపోయాయి. ఇద్దరూ కడ్డీ పట్టుకొని నిలబడ్డారు.

"మనం పైసలిచ్చి నిలవడ్డం. వాళ్లు ఊకెనే కూసున్నరు. నాకొక చీర తెచ్చినా అయిపోయేది."

"నీ మీసాలు చూసి ఎవరిస్తరు ఫ్రీ టికెట్?"

"అక్క ఉంటె మనకు సీటు ఆపేది."

"ఫ్రీ బస్సు పెట్టినంక ఆమె ఒక్కపాలి గూడ ఎక్కలే."

"ఎందుకు?"

"నేను ఎక్కడికీ పోదామనలే."

పెద్దపల్లి దాటాక రెండో చోటు దొరికింది. రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు, మోగుతున్న టీవీ.

"ఈడ మంచిగున్నది సారయ్యా. ఫ్యాన్లున్నయి, మిర్చీలున్నయి."

"కల్లు ఉన్నదా?"

"అడుగు మరి. దగ్గుతవేంది? సప్లయరు నీ పెండ్లామా, దగ్గంగనే ఉరికొచ్చేటందుకు? పేరు పెట్టి పిలువు."

"పేరు ఎరుక లేదు."

"ఎరుకున్నోళ్లనన్న పిలుస్తవా నువ్వు? ఓ ఓంప్రకాశూ, రెండు సీసలు తే బిడ్డా. చూసినవా, వచ్చిండు. ఇగ తాగు. తాగి చెప్పు."

"ఫ్రిజ్జుల పెట్టి సంపిన్రు. నురుగే లేదు."

"మింగి చెప్పు. పొద్దటిసంది నోట్లె పోసుకునుడు, ఉమ్ముడు. పిల్లనిచ్చేటోడు గూడ అల్లునికి ఇన్ని వంకలు పెట్టడు."

"ఆమె పోయినకాడికెళ్లి మింగలే."

"ఏడాది సంది?"

"ఆఁ."

"గందుకేనా నాతోని గూడ మాట బందువెట్టినవు? రెండు ముంతలు పడితె నిన్ను ఆపుడు మాతోని కాకపోయేది. పాటలు గూడ పాడుతుంటివి."

"సీస నింపియ్యి. ఇంతకన్న మంచిది దొరక్కపోతె దీన్నే పెడత."

"ఇటు తే. మూత నేను పెడత."

తర్వాతి బస్సులో వెనుక సీటు దొరికింది. సారయ్య సీసాను ఒళ్లో పెట్టుకున్నాడు. కిటికీలోంచి ఎండ నేరుగా దాని మీద పడుతోంది.

"పరశురాములూ, సీస ఉబ్బుతున్నది."

"ఎండకు ఉబ్బుతది."

"మూత బిగిచ్చినవా?"

"కారొద్దు గదా మరి."

"కల్లు సీసకు మూత ఎవడన్న బిగిస్తడా? తాగుడు ఒచ్చింది గని..."

"వదులు చెయ్యి మరి. జర మెల్లగ. నా దిక్కు వట్టకు."

మూత ఎగిరి బస్సు కప్పుకు తగిలింది. నురుగు ముందు సీట్లో కూర్చున్న ముగ్గురు ఆడవాళ్ల నెత్తిన పడింది. వాళ్లు పెండ్లికి పోతున్నారు. పరశురాములు తన తువ్వాల ఇవ్వబోయాడు. దాని వాసన కల్లుకన్నా ఘోరంగా ఉందని వాళ్లు తీసుకోలేదు. కండక్టరమ్మ వచ్చి సీసాను, సారయ్యను మార్చి మార్చి చూసింది.

"దిగున్రి."

"పెద్దమనుషులం బిడ్డా, తప్పయింది."

"పెద్దమనుషులు పట్టుచీరల మీద కల్లు పోస్తరా? డ్రైవరన్నా, ఆపు. ఇద్దరూ దిగుతరు."

బస్సు పోయింది. దుమ్ము తగ్గాక సారయ్య చుట్టూ చూశాడు.

"ఇది ఏ స్టేజీ?"

"ఏదో ఒక స్టేజీ."

"పరశురాములూ. ఇది రాంచందర్ ఊరి స్టేజీ."

"అవునా?"

"మూత కావాల్నని బిగిచ్చినవు."

"బిగిచ్చింది నిజమే. గని ఒక స్టేజీ ముంగట పేలుతదనుకున్న. ఇంకింత నడుసుడు పడేది. నీ అదృష్టం మంచిగున్నది."

"మల్ల బస్సు ఎప్పుడు?"

"ఇప్పట్ల లేదు. అగో, గవే బాలవ్వ తాళ్లు. రాంచందర్ ఇంటి దిక్కు చూడకు. సీస నింపుకొని మర్లుదాం. ఏమంటవు?"

సారయ్య దగ్గాడు.

"దగ్గితె నాకేం సమజైతది? నడువు."

తాటిచెట్ల కింద బాలవ్వ కల్లు లొట్టి ముందు కూర్చొని ఉంది. పరశురాములు ఎండు తాటిమట్టల మీద కూలబడ్డాడు. సారయ్య నిలబడే ఉన్నాడు.

"కూసో బావా. గా రాయి నీదే గదా. పక్కన మొద్దు ఐలవ్వది."

"కూసోను. సీస నింపు. ఆమె ఏ చెట్టుది తాగేదో, ఆ చెట్టుదే పొయ్యి. రేపు పిట్టకు పెట్టాలె."

"ఏ చెట్టుదో చెప్పాల్నా?"

"చెప్పు."

"ఏ చెట్టుదీ తాగకపోయేది."

"నా ముంగటనే తాగింది. ఏటేటా పుట్టింటికి వచ్చినప్పుడల్లా నన్ను ఈడికి గుంజుకొచ్చింది ఆమెనే."

"గుంజుకొచ్చేది. తాటాకు రేక పెదవులకు ఆనిచ్చేది. నువ్వు మొకం అటు తిప్పంగనే నీ ముంతల పోసేది. కల్లు వాసనకే ఆమెకు కడుపుల దేవేది."

"మరెందుకు వచ్చేది?"

"నేనూ అడిగిన. తాగవైతివి, ఈ ఎండల వచ్చి ఎందుకు కూసుంటవు పిల్లా అని."

"ఏమన్నది?"

"వద్దు తీ బావా. పోయినామె ముచ్చట."

"ఏమన్నది?"

"'ఇంట్ల ఉప్పు లేదంటె తెస్తడు, జరమొస్తె గోలీ తెస్తడు. ఒక్క మాటే తేడు. ఈ చెట్ల కింద రెండు ముంతలు పడితె ఐలవ్వా అని పిలుస్తడు' అన్నది. ఇంట్ల ఏమని పిలుస్తుంటివి బావా?"

"పిలవకపోతుంటి."

"మరి పని పడితె?"

"దగ్గుతుంటి. వచ్చేది."

"పరశురాములూ, ఈ ముచ్చట నువ్వన్న చెప్పకపోతివి?"

"నాకేం ఎరుక అక్కా? మంచి కల్లు దొరుకుతదనే తీసుకొచ్చిన. ఈడ ఇది ఉంటదని ఎరుకుంటె ఆ మూత బిగియ్యకపోతుంటి."

"రాంచందర్ ఇంట్ల ఉన్నడా?"

"ఉన్నడు. ఎందుకు బావా? కొట్లాటకా?"

"రేపు రమ్మని చెప్పు."

"నువ్వే చెప్పు. ఇల్లు కనవడుతనే ఉన్నది."

"చెప్తా. పిట్ట ముట్టినా ముట్టకున్నా వాడు ముంగట ఉండాలె. వాడన్నదాంట్ల తప్పు లేదు."

"పోయినేడు పిట్టను ఎట్ల పిలిచినవు బావా? అందరు పేరు పట్టి పిలుస్తరు గదా, రా తిను అని."

"ఇస్తారి పెట్టి ఎడంగ జరిగి కూసున్న."

"పిలవలేదా?"

"దగ్గిన."

పరశురాములు తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడ్వకు పరశురాములూ. లెవ్వు."

"నేను ఏడుస్తలేను. మట్టల దుమ్ము."

"ఒక ముంత పోస్త, తాగు బావా. నోరు వస్తది. రేపు గూడ ఒక ముంత తాగి పిలువు, ఎవ్వరేమనరు."

"వద్దు బాలవ్వా. ఒక్కసారన్న తాగకుంట పిలుస్తా."