శిక్షణకు ముందు రెండు మార్కులు

ఆ రాజీనామా కాగితం నా మొహాన కొట్టినా బాగుండేది. ఇంత మర్యాదగా బల్ల మీద పెట్టి నిలబడితే నేనేం చెయ్యనమ్మా? కూర్చోండి. వద్దా? సరే. అసలు నిలబడవలసింది నేను.

ఈ హెడ్మాస్టరు పిల్లల చేత తప్పు ఒప్పించడమే గానీ, తాను ఒప్పుకోవడం ఎన్నడూ అలవాటు చేసుకోలేదు. కాస్త ఓపిక పట్టండి.

ఉపాధ్యాయుల బోధన మెరుగుపరచడానికని ప్రభుత్వం గ్రాంటు ప్రకటించింది గదా. ఫారంలో రెండు గడులు. శిక్షణకు ముందు పదికి ఎన్ని మార్కులు, తర్వాత ఎన్ని. ముందే తొమ్మిదున్న బడికి ఎవరిస్తారు? ముందు కుంటితేనే గదా, తర్వాత పరిగెత్తినట్టు చూపించేది! జిల్లాలో అన్ని బడులూ ఇదే పని చేశాయి... ఛ! ఆ మాట నా నోట రాకూడదు. వచ్చింది.

క్లాసులో కూర్చుని, పాఠం విని, మార్కులు వెయ్యాలని నిబంధన. నేను ఎవరి క్లాసుకూ వెళ్లలేదు. ఈ కుర్చీలోనే, కాఫీ చల్లారేలోగా, పద్నాలుగు మందినీ తూచేశాను.

గ్రాంటు వచ్చింది. శిక్షణలో మీకు సుద్దముక్క పట్టుకోవడం నేర్పారట. ఆ తర్వాతే పైనుంచి ఉత్తర్వు దిగింది: ముందు మార్కులు నాలుగు దాటనివారికి పదో తరగతి ఇవ్వరాదని. నేను లెక్కల మాస్టర్ని; ఆ లెక్క మాత్రం అందలేదు.

మీ పదో తరగతి పోయింది. ఆ మార్కుల జాబితా గోడకు అంటించారు. "మన టీచరుకు రెండేనా?" అని పిల్లలు గుసగుసలాడటం విన్నాను. మీరూ విన్నారు. తల వంచుకుని వెళ్లిపోయారు. వంచవలసిన తల అది కాదు.

ఆగండి, వెళ్లకండి. మీరడగని ప్రశ్న నాకు తెలుసు. మిగతా అందరికీ అయిదేసి వేసి, మీకొక్కరికే రెండెందుకు?

ఎవరి క్లాసుకూ వెళ్లలేదన్నానే, అది పూర్తి నిజం కాదు. ఒకనాడు మీ క్లాసు కిటికీ పక్కన నిలబడ్డాను. సగంతో భాగిస్తే తగ్గాలి గానీ పెరుగుతుందేమిటని ఓ పిల్ల అడిగింది. మీరు మూడు మూరల తాడు తీసి అర మూరకొకటి చొప్పున కత్తిరించారు. పిల్లలే లెక్కపెట్టారు. ఆరు! గది గదంతా నవ్వింది.

ముప్ఫయ్యేళ్లు నేను చెప్పిందేమిటో తెలుసా? "తిరగేసి గుణించు, నోరు మూసుకో." ఎందుకో నాకూ తెలియదమ్మా. ఆ రోజే తెలిసింది. కిటికీ బయట, దొంగలా.

ఆ సాయంత్రమే అందరి ఫారాలూ నింపాను. మీ గడిలో తెలిసే రెండు వేశాను.

ఇదిగో, మార్కులు సరిదిద్దమని పై అధికారికి రాసిన ఉత్తరం. తప్పు నాదేనని సంతకం కూడా చేశాను. చదవండి. మూడో వరుసలో "పొరపాటున" అని ఉంటుంది. ఇందాకటి నుంచీ కలం పట్టుకుని కూర్చున్నాను.

ఆ ఒక్క మాటా మీ చేత్తో కొట్టెయ్యండమ్మా. నావల్ల కావడం లేదు.