పూజ చేసిన సర్వరు

చిత్తూరు అవతల ఒక ప్రైవేటు పాల డెయిరీ. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర. యజమాని జయరావు గదిలో ఆయన, ఎదురుగా డెయిరీ కంప్యూటర్ల పని చూసే భానుశ్రీ. ఆమెకు ఈ రోజే ఆఖరు. అటెండరు వరదయ్య కాఫీ పెట్టడానికి పోయినాడు.

"లాప్‌టాపు?"

"ఇచ్చేసినాను సార్. మీ టేబుల్ మీదనే ఉండాది."

"ఛార్జరు?"

"దాంతోనే, సంచిలో ఉండాది."

"మౌసు?"

"మౌసు నాది సార్. నేను కొనుక్కున్నా."

"బిల్లుండాదా?"

"మౌసుకు బిల్లు ఎవురు దాచిపెట్టుకుంటారు సార్?"

"నేను దాచిపెట్టుకుంటా. సరే, ఎత్తుకోనిపో. దీపావళికి ఇచ్చిన స్టీలు డబ్బా?"

"అది గిఫ్టు గదా సార్. అందురికీ ఇచ్చినారు."

"ఈడ పని చేసేవాళ్ళకి ఇచ్చింది గదమ్మా. పండగ పోయి పది దినాలైందో లేదో, నువ్వు పోతా ఉండావు."

"నేను పోతా ఉండానా సార్? మీరు గదా పొమ్మనింది."

"పొమ్మన్యానా? అవసరం లేదన్యాను. రెండిటికీ తేడా ఉండాది."

"సరే సార్. రిలీవింగ్ లెటరు మీద సంతకం పెట్టేస్తే నేను బయల్దేరతా. అయిదింటికి చెన్నై బస్సు."

"పెడతా, పెడతా. ఏం తొందర?"

"మూడుకి యమగండం మొదలైతాది సార్."

"అవునా?"

"శుక్రవారం గదా. మూడు నుంచి నాలుగున్నర దాకా."

"అది మాత్రం బాగా గుర్తు పెట్టుకుంటావు. ఈ మూడేండ్లలో నా దగ్గిర నువ్వు నేర్చుకున్న మంచి పని అదొక్కటే. యాడబ్బా ఆ కాగితం?"

"మీ మోచేతి కింద."

"ఆఁ. సూడు, సంతకం పెట్టేముందు నాకొక మాట సెప్పు. ఇన్నేండ్లూ ఆ క్లౌడు క్లౌడని నా ప్రాణం తీసినావు గదా, దాంతో మనకేం ఒరిగినాది?"

"తిరుపతి డెయిరీల మీటింగుకు రాసిచ్చినాను గదా సార్."

"అది మైకులో చదివినా. అర్థమైతే గదా! ఇప్పుడు నోటితో సెప్పు."

"సగం పని మన ఆఫీసులో ఉండే సర్వరు మీద, సగం పని క్లౌడు మీద. పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా నాలుగు వందల సెంటర్లు ఒక్కసారే పాలు కొలుస్తాయి. మన సర్వరు ఒక్కటీ తట్టుకోలేదు. అప్పుడు క్లౌడులో రెండు మిషన్లుండేది పది ఐతాయి. తొమ్మిదికి మల్లా రెండే."

"మామిడికాయల సీజన్లో కూలోళ్ళని పిలిపిచ్చినట్ల."

"అట్లే సార్."

"కూలోళ్ళయితే కండ్లకు కనపడతారు. వీండ్లు కనపడరు, దుడ్లు మాత్రం నెలనెలా పోతాయి. కానీ ఒకటి ఒప్పుకోవాల. మీటింగులో నేను లేచి, మా నాయన హైబ్రిడ్డు ఆవును తోలుకొచ్చినాడు, నేను హైబ్రిడ్డు క్లౌడును తోలుకొచ్చినా అంటే సప్పట్లే సప్పట్లు."

"సప్పట్లు ఆగినంక ఒకాయన, ఆ రెండో సగం యాడుండాదని అడిగినాడు. మీరు వేలు పైకి చూపిచ్చినారు."

"మరి పైనే గదా? ఏం నవ్వుతా ఉండావు?"

"లేదు సార్. రెండూ నలభై ఐంది."

"పెడతానంటి గదా! ఇంతకీ సోమవారం యాడ చేరతా ఉండావు? నగిరికి పోయి మీ నాయన మగ్గం కాడ కండెలు సుట్టుకుంటావా?"

"లేదు సార్. చెన్నైలో ఒక చోట వచ్చినాది."

"ఏం పని?"

"కంప్యూటరు పనే."

"ఏం కంపెనీ?"

"ఏదో చిన్నది సార్. ఈ లెటరు చూపియ్యకపోతే చేర్చుకోరు. సోమవారం తప్పితే ఆ సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. అందుకే అడుగుతా ఉండా."

"అట్ల రా దోవకు! మా సంతకం లేంది నీకు బతుకు లేదన్నమాట."

"అవును సార్. లేదు."

"ఆ మాట నీ నోట్లోంచి వినాలనే ఇంతసేపు కూర్చోబెట్టినా. సూడు పాపా, నీ మీద నాకేం కోపం లేదు. నీ పని మా సర్వరే చేసుకుంటా ఉంటే నువ్వేంటికి? ఆయుధపూజ అయ్యి ఎన్ని దినాలైంది?"

"నెల దినాలు."

"ఈ నెల దినాల్లో ఒక్క దినమన్నా పాలు కొలిచే యాప్ నిలిచిపోయినాదా?"

"లేదు సార్."

"దానికి ముందు?"

"దినం మార్చి దినం నిలిచిపోయేది. ఐరాల సెంటరు చెంగమ్మ పొద్దున ఆరున్నరకే ఫోను చేసి నన్ను తిట్టేది. క్యాన్లు ఎత్తుకోని ముప్పై మంది ఆడోళ్ళు నిలబడిండారు, పాలు పులిసిపోతా ఉండాయి, నీ మిషను మొగం మండ అని."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఫోనే చెయ్యదు."

"అదీ! నువ్వు మూడేండ్లు కొట్టుకున్నా కానిది, మా అయ్యోరు మూడు గంటల్లో చేసినాడు. సర్వరుకు పసుపు, కుంకుమ, బంతిపూల మాల, గుమ్మడికాయ, ఐదు నిమ్మకాయలు. ఆ రూముకు తాళమేసి, కార్తీక పౌర్ణమి దాకా తెరవొద్దన్యాడు. తాళంచెవి ఇదిగో, నా మొలతాడుకు. దినామూ పొద్దున స్నానం చేసొచ్చి ఆ తలుపు కాడ నిలబడి దండం పెట్టుకుంటా. లోపల బుస్సుమని ఎంత బాగా పని చేస్తా ఉండాదో! ఆ శబ్దం వింటే నాకు కడుపు నిండిపోతాది."

"సార్, ఆ రూము తాళం ఒక్కసారి తీసి—"

"మల్లా అదే మాట!"

"కాదు సార్, లోపల సర్వరు—"

"పూజ చేసిన రూము. పౌర్ణమి బుధవారం. బుధవారం తీస్తా."

"పూజ మరుసనాడే మీకు మెయిలు పెట్టినా సార్. మూడు మెయిళ్ళు పెట్టినా."

"నీ మెయిళ్ళు! అంత పొడుగుంటాయి, అన్నీ ఇంగ్లీషు. నేనూ ఒక మెయిలు పెట్టినా ఈ పొద్దు. రెండే ముక్కలు. ఎవురికో తెలుసునా?"

"ఎవురికి సార్?"

"నీ చెన్నై క్లౌడోళ్ళకి. మీ సావాసం సాలు, మా సర్వరు మాకుండాది, సోమవారం తొమ్మిదికి మా పని నిలిపేయండి, ఉండేదంతా తుడిచేయండి అని."

"తుడిచేయమన్యారా?"

"మన పాల లెక్కలు ఇంగొకరి దగ్గిర ఏంటికి?"

"సార్... తొమ్మిదికా?"

"సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. అది పోయినంక. ఏం, మొగం అట్ల పెట్టినావు?"

"సార్, దయచేసి వినండి. ఆ మెయిలు వెనక్కి తీసుకోండి. మన సర్వరు ఇప్పుడు—"

"నువ్వు నాకు సెప్పొద్దు! ఇంగొక్క మాట మాట్లాడినావంటే ఈ లెటరు చించి పారేస్తా. తరువాత సోమవారం లేదు, మంగళవారం లేదు, నగిరిలో కండెలే నీకు. మాట్లాడతావా?"

"లేదు సార్. సంతకం పెట్టండి. రెండూ యాభై."

"అట్లుండాల. ఇందులో ఒక ముక్క నా చేత్తో రాస్తా. 'ఈమె పని మంచిది, ఈమె మనిషి మంచిది. కాకపోతే మా సర్వరు తనంతట తానే నడుస్తున్నందున ఈమె అవసరం మాకు లేకపోయింది.' రాయనా?"

"రాయండి సార్."

"చదివి బాధపడొద్దు."

"బాధేం లేదు సార్. ఆ మాట మీ చేతిరాతలో ఉండటమే మంచిది."

"ఇదిగో సంతకం. ఇదిగో ముద్ర. ఇది నీది, ఈ కాపీ నాది. టైమెంత?"

"రెండూ యాభై ఏడు. చాలా థాంక్స్ సార్."

"కాఫీ సామీ!"

"రా వరదయ్యా, మంచి టయానికి వచ్చినావు. ఈ పాపకి గూడా ఒకటియ్యి, మళ్ళీ మన కాఫీ తాగదు. సూడు, సోమవారం నుంచి సర్వరు పని నీది."

"నాదా సామీ? నాకేం తెలుసునని?"

"తెలియాల్సిందేం లేదు. దినామూ తలుపు కాడ రెండు ఊదుబత్తీలు ఎలిగించు. అంతే ఉద్యోగం."

"ఎలిగిస్తా సామీ. బుధవారం తాళం తీసినంక స్విచ్చి గూడా నేనే ఎయ్యాల్నా?"

"ఏం స్విచ్చి?"

"సర్వరు స్విచ్చి సామీ."

"దానికి స్విచ్చి ఏంటికి ఎయ్యాల? అది నడస్తానే ఉండాది గదా."

"యాడ సామీ! పూజ పొద్దు మీరే గదా నాతో అన్యారు, బోరింగు మోటరు, వ్యాను, టైపు మిషను, అన్నీ ఈ పొద్దు రెస్టు తీసుకోవాల, సర్వరు గూడా కట్టేయిరా అని. నేను స్విచ్చి కట్టేసి, బొట్టు పెట్టినా. మీరు తాళమేస్కోని పోయినారు."

"మరుసనాడు మల్లా ఎయ్యలేదా?"

"తాళంచెవి మీ మొలతాడుకు గదా సామీ."

"మరి... మరి ఆ శబ్దం? దినామూ నేను ఇంటా ఉండానే, బుస్సుమని?"

"అది ఏసీ సామీ. పాపం, అది కట్టేయమని మీరు సెప్పలేదు."

"భానుశ్రీ!"

"సార్."

"ఇది నీకు తెలుసునా?"

"పూజ పొద్దు పదకొండుకే తెలిసినాది. మన సర్వరు ఆగిపోయిన నిమిషానికే పని మొత్తం క్లౌడు మీదికి పోయినాది. అట్ల పోయేటట్ల నేనే పెట్టింటి. ఈ నెల దినాలూ నాలుగు వందల సెంటర్ల పాలు క్లౌడొక్కటే మోసింది సార్. ముందు యాప్ నిలిచిపోతా ఉండింది మన సర్వరు వల్లనే. ముసిలిది, దాని కోసం క్లౌడు మిషన్లన్నీ కాసుకోనుండేవి. అది పడుకున్యాక అందురూ సుఖంగా ఉండారు."

"ముందే సెప్పేదానికేం?"

"మూడు మెయిళ్ళు పెట్టినా. ఈ పొద్దు ఈ కుర్చీలో కూర్చోని మూడుసార్లు నోరు తెరిచినా. మీరు మూయించినారు."

"గట్టిగా సెప్పాల్సింది!"

"గట్టిగా సెప్పింటే సంతకం పెట్టిందురా సార్? నాకు ఆ కాగితం కావాల. మా ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. అట్లని ఐరాల ఆడోళ్ళు సోమవారం సాయంత్రం క్యాన్లు పెట్టుకోని నిలబడితే ఆ పాపం నాది గూడా. అందుకే కోపమొస్తా ఉండాది, మీ మీదా, నా మీదా."

"ఇప్పుడేం చేద్దాం? తాళం తీసి స్విచ్చి ఎయ్యమంటావా? అయ్యోరు పౌర్ణమి దాకా..."

"ఏసినా లాభం లేదు సార్. నెల దినాల పాలు దానికి తెలీదు. ఎవురు ఎన్ని లీటర్లు పోసినారో, వెన్న ఎంతో, అన్నీ క్లౌడులోనే ఉండాయి. సోమవారం తొమ్మిదికి మీరు తుడిచేయమన్యారే, అవే."

"వరదయ్యా, నువ్వు బయటికి పో! కాదు, ఉండు, ఆ ఫోనిటియ్యి. పాపా, ఆ క్లౌడోళ్ళ నెంబరు సెప్పు."

"కస్టమర్ కేరు సోమవారమే సార్. శుక్రవారం రెండింటికే మూసేస్తారు."

"అయినా మన డెయిరీ పని చూసేదానికి ఒక మనిషి ఉంటాడు గదా? నా మెయిలు ఎవురికి పోతాది?"

"ఆ మనిషికే పోతాది. మన పని చూస్తా ఉండినాయన నిన్న మానుకున్నాడు. కొత్తోళ్ళు వచ్చిందాకా ఆ మెయిళ్ళు ఎవురూ తెరవరు."

"దేవుడా! కొత్తోడు ఎప్పుడొస్తాడు?"

"సోమవారం."

"ఎన్నింటికి? తొమ్మిదికి ముందా, వెనకా?"

"ముందే సార్. రాహుకాలమైనా సరే ఎనిమిదిన్నరకే వచ్చి కూర్చుంటాది."

"కూర్చుంటాదా? ఆడమనిషా? మంచిదేనా? మాట వింటాదా? నేను కాళ్ళు పట్టుకుంటా అయినా సరే. పేరు సెప్పు, పేరు!"

"మనిషి మంచిదని మీ చేత్తోనే రాసిచ్చినారు సార్. ఆ కాపీ తలకిందులుగా పట్టుకోనుండారు, సరిగ్గా పట్టుకోండి. పేరు పై లైనులో ఉండాది."