ఈ యేడు ఇప్ప రాలలేదు

సిద్దిపేటల ఓ ఇల్లు. ఆదివారం పొద్దున. రామేశ్వర్, సులోచన. నడుమ లడ్డుల డబ్బ.

"ఒట్టి చేతుల్తోనే వచ్చినట్టున్నరు."

"జింక కాదు గదా, జింక అడుగు గూడ కనవడలే. సుధాకర్ తుపాకి తుడిచి తుడిచి అలిసిపోయిండు."

"మరి మీరేం జేసిన్రు?"

"నేను టార్చి వట్టుకున్న."

"టార్చి వట్టుకున్నోళ్ళను గూడ లోపలేస్తరట. అనూహ్య చెప్పింది. ఫారెస్టు నౌకరికి చదువుతుంది గద పిల్ల, నౌకరొస్తే మొదటి కేసు బాపు మీదనే రాస్తనంటుంది."

"దానికి బాపంటే భయమే లేదు."

"బాపుకు జైలంటే లేదు."

"మల్ల మొదలువెట్టకు. నా బాధ నాకున్నది. సుధాకర్‌కు మాటిచ్చిన, మీ తల్లిగారి చెల్క గట్టుకు ఇప్పచెట్టున్నది, పూలు రాలితే జింకలు వాసన వట్టి వస్తయని. నెల సంది శనివారం శనివారం పోయి కూసుంటున్నం. పూలు లేవు, జింకలు లేవు."

"చెట్టు పూయలేదా?"

"కొమ్మల నిండ ఉన్నయ్. కిందనే ఒక్కటి లేదు. ఎండుటాకు గూడ లేదు, ఊడ్చినట్టున్నది."

"మంచి జింకలు. మన మీది అంతస్తుల కిరాయికున్నోళ్ళు గంత సాఫుగ ఉండరు."

"నవ్వకు. వానలు సరిగ పడక ఈ యేడు ఇప్ప రాలలేదంటుండు సుధాకర్."

"సెల్‌ఫోన్లు అమ్మేటాయన. చెట్ల సంగతి ఆయనకు తెల్వకుంటే ఎవలికి తెలుస్తది."

"ఇంకో వారమైతే పూలకాలమే ఒడుస్తది. మల్ల యేడాదిదాంక జింక గిటు మొఖాన రాదు."

"అయ్యో."

"గా అయ్యో ఎవలికి, నాకా జింకకా?"

"ముందైతే లడ్డు తినున్రి."

"ఆగు. మేం శనివారం మాపటికి పోతం. నువ్వు గదే శనివారం పొద్దుగాల రాయపోల్ మీ తల్లిగారింటికి పోయొస్తున్నవ్ గద. నీకేమన్న కనవడ్డదా?"

"నేను వదినను చూడవోతున్న. నడుము నొప్పి ఆమెకు."

"నెల సంది నొప్పేనా?"

"పొద్దున లేస్తే వంగుడు, లేసుడు. ఎట్ల తగ్గుతది."

"గంత వంగే పనేందో."

"ఆడోళ్ళకు పనులు తక్కువనా. తినున్రి, సల్లారితే గట్టివడతయ్."

"ఇయ్యి... అబ్బ. గింత తియ్యగనా? గింత బెల్లమేస్తే నాకు షుగరొస్తది, సులోచనా."

"చిటికెడు గూడ వెయ్యలే."

"మరి?"

"నువ్వులు, పల్లీలు, ఎండవెట్టి వేయించిన ఇప్పపూలు. జింకలు ఊరికెనే వడి రావు."

"ఇప్పపూలా?"

"నమలున్రి. గొంతుకు అడ్డం వడుతది."

"ఏ చెట్టువి గివి?"

"మన చెట్టువే. కింద ఆకంత ఊడ్చి వెట్టుకుంటే పూలు ఏరుడు అల్కగయితదని మా అవ్వ నేర్పింది. నేను లేని దినం వదిన ఏరుతది."

"జింకల నోటికాడిది తీసి నాకు వెడుతున్నవా?"

"ఎండకాలం వేరే ఏమన్న తిని బతుకుతయ్. తుపాకి దెబ్బ తిని బతకయ్ గద."

"అంత బాగనే ఉన్నది. సుధాకర్‌కు తెలిస్తే నా ఇజ్జత్ ఏం గావాలె? వానికి ఏమని చెప్పాలె నేను?"

"ఏం చెప్పకున్రి. ఆయన రెండు తిని ఇంకోటి అడిగిండట. ఆయన పెండ్లాం విజయరాణి గూడ మాతోటే ఏరుతుంది."