వదిన నడక

ఏంటే, మొదటి మెట్టు మీద కాలు పెట్టి అలా ఆగిపోయావ్? నొప్పా? నడుమా? కాదా... ఇంకా కింద, తొడలు కలిసే చోట, ఎముకలో. ఊఁ. ఏడో నెల కదా నీకు. రా, ఇలా కూర్చో, కాలు మీద కాలు మాత్రం వేసుకోకు. నువ్వట్లా గోడకి చెయ్యి ఆనించగానే నాకు మా వదిన కనపడిందే. మా అన్నయ్య భార్య, మీ అమ్మ అత్తయ్యా అత్తయ్యా అని తిరిగేది ఆవిడ వెంటే. నువ్వు పుట్టకముందే పోయిందిలే.

అన్నయ్య దర్జీ. కింద కుట్టు గది, పైన మేం. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడిందంటే గదంతా నూలు దుమ్ము మెల్లగా తేలుతుండేది, మిషన్ల చప్పుడుకి కూర్చున్నచోటే కళ్ళు మూతలు పడేవి. ఇప్పుడు తలుచుకుంటే ఆ గది నేను చూసిందో, కలగన్నదో కూడా తెలీట్లేదు. ఏం చెప్తున్నానూ... ఆఁ, వదిన. తొలి కాన్పుకి నీలాగే అయింది. మెట్లు పక్కకి తిరిగి ఎక్కేది, మంచం మీద అటు నుంచి ఇటు తిరగాలంటే పళ్ళు బిగపట్టేది. మా అమ్మేమో "మేమెవరం కనలేదా, ఈవిడొక్కతే కంటోందా" అని మూతి తిప్పేది. మరి నేనో? పదహారేళ్ళ దాన్ని, ఒళ్ళంతా వెటకారం. గుండీలు కుట్టే ఆడవాళ్ళ ముందు వదిన నడక నడిచి చూపించేదాన్ని, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, అటూ ఇటూ ఊగుతూ. వాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. ఓరోజు అలా నడుస్తూ వెనక్కి తిరిగితే గుమ్మంలో వదిన. గోడ పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయింది. సాయంత్రం నా దగ్గరకొచ్చి, "నాకు నిజంగానే నొప్పి. నువ్వైనా నమ్ముతావా?" అంది. నేను తల దించుకుని గుండీలు ఏరుకుంటూ కూర్చున్నాను.

అన్నయ్య నమ్మాడు, పాపం. కానీ దర్జీ బుర్ర ఎటు పోతుంది చెప్పు? నిలబెట్టి టేపు పట్టి నడుం నుంచి నేల దాకా రెండు వైపులా కొలిచాడు. ఒక వైపు అరంగుళం తక్కువొచ్చింది. ఇంకేం, దొరికిందనుకున్నాడు. కోటు భుజాల్లో పెట్టే మెత్త కత్తిరించి ఒక చెప్పులో కుట్టేశాడు, అంచు సరిచేసినట్టు. రెండ్రోజులు నడిచింది పిచ్చిది, మూడో రోజు మంచం దిగలేకపోయింది. నొప్పికి ఒంటికాలి మీద బరువేసి వంకరగా నిలబడ్డ మనిషిని కొలిచాడన్నమాట. ఆ చెప్పు చేత్తో పట్టుకుని అన్నయ్య ఏడవడం అప్పుడే చూశాను. తర్వాత యూనిఫాం కొలతలివ్వడానికొచ్చిన నర్సమ్మ పైకెళ్ళి చూసి, కటి ఎముకలు కలిసే చోట పట్టు సడలిందీ, నాటకం కాదూ, మిషన్ తొక్కనివ్వకండీ, పొట్ట కింద తుంటి చుట్టూ వెడల్పు పట్టీ బిగించండీ అని చెప్పింది. ఆ మాట విని మా అమ్మ వంటింట్లోకెళ్ళిపోయింది. నేను రాత్రయ్యేదాకా పైకి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

అలా అలా ఏళ్ళు గడిచాయి. మీ అమ్మ నా కడుపులో ఉన్నప్పుడు, ఓ పొద్దున లేవబోతే నాకూ అదే నొప్పి, అదే చోట. ఎవరికీ చెప్పలేదు. వదిన చూడ్డానికొచ్చింది, నేను తలుపు దాకా నడిచిన నాలుగడుగులూ చూసింది. పడుకోబెట్టి, నా రెండు మోకాళ్ళూ దగ్గరికి చేర్చి, మధ్యలో దిండు పెట్టి, నన్ను మొత్తంగా పక్కకి తిప్పింది. ఎంత హాయిగా ఉందో. గోడ వైపు తిరిగి ఉన్నా కదా, మొహం కనపడదు కదా, అప్పుడు నోరు పెగిలింది. "వదినా, నీలా నడిచి అందర్నీ నవ్వించేదాన్ని" అన్నా. నా వీపు మీద చెయ్యేసి ఏమందో తెలుసా? "చాలా బాగా చేసేదానివే. నాకూ నవ్వొచ్చేది. నవ్వితే ఇంకా నొప్పి పుట్టేది, అందుకే వెళ్ళిపోయేదాన్ని" అంది.

...

ఆ దిండు ఇలా ఇయ్యి. మోకాళ్ళు దగ్గర పెట్టుకో.