అత్తగారి ఆల్బుమిన్

"ఆ రక్తపరీక్ష కాగితం దాచకమ్మాయ్. విరిగింది తుంటి, కళ్ళు కాదు."

"రేపు ఆపరేషన్ పెట్టుకుని మీకెందుకత్తయ్యా ఈ లెక్కలు?"

"నా రక్తం, నా లెక్క. ఈ కింద గీత గీసిందేమిటి?"

"ఆల్బుమిన్. రక్తంలో ఉండే ప్రొటీను, మీకు తక్కువుంది. అలాంటివాళ్ళకి లేచి నడవడానికి ఎక్కువ రోజులు పడతాయట."

"అసలు నడవరా?"

"అలాగని కాదు. బలమైన తిండి తింటే మేలన్నారు డాక్టరు. మీరు బాగానే తింటారుగా?"

"అందరూ తిన్నాక గిన్నెలో ఏం మిగిలితే అది."

"అడిగితే కడుపు నిండిందనేవారు!"

"అనేదాన్నిలే. అయినా చుక్క రక్తంలో ఇంత కనిపెట్టారా? ఇన్నేళ్ళూ ఒకే వంటింట్లో ఉండి నువ్వు పట్టుకోలేకపోయావే!"



సాయంత్రం కొడుకూ మనవలూ ఆసుపత్రి మంచం చుట్టూ చేరాక అత్తగారు నెమ్మదిగా చెప్పింది.

"ఇంటికొచ్చాక మొదటి కంచం నాకే పెట్టాలి. నేను నడవాలి."