పెళ్లివారి ఫోను అనుకుని చెప్పిన మాటలు

నా పేరు వేమూరి కృష్ణకుమారి. వయసు అరవై మూడేళ్లు. తెనాలిలో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ప్రస్తుతం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మా అమ్మాయి రష్మి దగ్గర ఉంటున్నాను. ఈ వాంగ్మూలం రాసుకునేవాళ్లు వృత్తి అన్న చోట ‘ఖాళీ’ అని రాయబోతే వద్దన్నాను. మూడు పూటలా వంట చేసే మనిషి ఖాళీ ఎలా అవుతుంది?

రాకేష్ మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉంటాడు. ముప్పై నాలుగేళ్లవాడు, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, నాకు బంధువు కాడు. డిప్రెషన్ వల్ల ఉద్యోగం చేయలేడని డాక్టర్లు రాసిచ్చారు. ఆఫీసు తరఫున ఉన్న బీమా నుంచి నెలనెలా డబ్బు వచ్చేది. మొన్న మార్చిలో ఆపేశారు. అద్దె, మందులు, డాక్టరు అన్నీ దాని మీదే. ఆపడానికి చూపించిన మొదటి కారణం నేను. ‘ఇతను సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నట్టు పక్కింటావిడ ధ్రువీకరించారు’ అని రాశారు. ఆ పక్కింటావిడను నేనే. బీమా కంపెనీ మీద రాకేష్ వేసిన కేసులో అందుకే ఈ సాక్ష్యం చెబుతున్నాను.

2025 ఫిబ్రవరి 11, మంగళవారం ఉదయం పదిన్నరకు నేను గోంగూర కడుగుతుండగా ఫోను వచ్చింది. అవతల ఒక అమ్మాయి ముందు ఇంగ్లీషులో ఏదో కంపెనీ పేరు గబగబా చెప్పి, తర్వాత ఇక్కడ పుట్టిన పిల్లల తెలుగులోకి దిగింది.

“నమస్తే ఆంటీ, నా పేరు ఇషా. రాకేష్ గారి గురించి కొంచెం కనుక్కోవాలి. మీరు మాట్లాడుతారా?”

అప్పటికి పది రోజుల ముందు నేనే రాకేష్‌కి సంబంధాలు చూడమని గుడి వాట్సాప్ గ్రూపులో పెట్టి, కింద నా నంబరు ఇచ్చాను. పెళ్లయితే పిల్లాడు కుదురుకుంటాడని మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్లందరి అభిప్రాయం. డాక్టరు అభిప్రాయం మేం అడగలేదు. రాకేష్‌నీ అడగలేదు. కాబట్టి ఇది పెళ్లివారి ఫోనేనని అనుకున్నాను. గోంగూర పక్కన పెట్టి కూర్చున్నాను.

ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. “గుండ్రాయిలా ఉంటాడమ్మా, జలుబు కూడా ఎరగడు” అన్నాను. రోజంతా ఏం చేస్తాడని అడిగింది. “పనిరాక్షసుడు. చెబితే తప్ప అన్నానికి లేవడు” అన్నాను. బయటికి వెళ్తాడా అంటే, గుళ్లో వాలంటీరన్నాను, వీకెండ్ క్రికెట్ అన్నాను, హ్యూస్టన్ దాకా ఒక్కడే డ్రైవ్ చేస్తాడన్నాను. నిద్ర ఎలా పడుతుందని కూడా అడిగింది. అక్కడైనా నాకు అనుమానం రావలసింది. గురక సంగతి తెలుసుకుంటున్నారనుకుని, “పడుకుంటే తెల్లారేదాకా చప్పుడు లేదు” అన్నాను. పక్కింటి కుర్రాడి గురక నాకెలా తెలుస్తుందని ఆ అమ్మాయి అడగలేదు, నాకూ తట్టలేదు.

చివర్లో ఆ అమ్మాయి ఎత్తు అడిగాను, గోత్రం అడిగాను. ఎత్తు చెప్పింది, గోత్రం తెలియదంది. ఈ కాలం పిల్ల, పోనీలే అనుకున్నాను. బీమావాళ్ల రికార్డింగులో ఈ రెండు ప్రశ్నలూ ఉన్నాయి. వాటిని అనవసర సంభాషణ అని వదిలేశారట. నన్నడిగితే ఆ ఫోనులో నేను మనస్ఫూర్తిగా మాట్లాడింది ఆ రెండు ముక్కలే.

బీమా కంపెనీ లాయరు ఈ గదిలోనే ఉన్నారు. అప్పుడు చెప్పింది అబద్ధమైతే ఇప్పుడు చెప్పేది నిజమని ఎలా నమ్మాలని అడిగారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. నేను ఆడినవి ఆరో ఏడో. అప్పుడు నా చేత ఎవరూ ప్రమాణం చేయించలేదు. సంబంధాలు మాట్లాడేవాళ్ల చేత ప్రమాణాలు చేయిస్తే మా వైపు ఒక్క పెళ్లి జరగదు. మా దుబాసీ పూజిత ఇది ఇంగ్లీషులో చెప్పలేక నవ్వుతూ ఉంటే అయిదు నిమిషాలు ఆపారు.

ఇక నేను చూసింది చెబుతాను. రాకేష్ కిటికీ తెరలు తీయడు. నేను గుమ్మంలో పెట్టిన కూర డబ్బా మర్నాటికీ అక్కడే ఉంటుంది. వాడు గుడికి వెళ్లి రెండు ఉగాదులు దాటాయి. పోయినేడు జూన్‌లో ఒక ఉదయం ఆఫీసు బట్టలు వేసుకుని పార్కింగ్‌లో కార్‌లో కూర్చున్నాడు. నేను మధ్యాహ్నం చెత్త పడేయడానికి వెళ్తే అలాగే ఉన్నాడు. అద్దం తట్టాను.

“ఆఫీస్‌కే స్టార్ట్ అయ్యాను ఆంటీ. కాలు బ్రేక్ మీంచి రావట్లేదు” అన్నాడు.

ఆ ఎండలో ఇంజను కూడా వేసుకోలేదు. చొక్కా తడిసిపోయి ఉంది. రష్మి వచ్చి హాస్పిటల్‌కి తీసుకెళ్లింది. అడిగినవాళ్లందరికీ నేను నడుంనొప్పని చెప్పాను. నాకు చాలా భయం వేసింది. ఇప్పటికీ పొద్దున్నే వాడి కారు వైపు చూడకుండా ఉండలేను.

ఇక్కడికి వచ్చే ముందు రాకేష్‌తో అన్నాను: “ఒరేయ్, ఇది కోర్టు కాగితాల్లోకి ఎక్కితే ఊరందరికీ తెలుస్తుంది. నీకిక సంబంధాలు రావురా.”

“పెళ్లి సంగతి తర్వాత ఆంటీ. ముందు నేనంటూ మిగలాలి కదా” అన్నాడు.

అందుకని వచ్చాను.

పై మాటలన్నీ పూజిత నాకు తెలుగులో చదివి వినిపించింది. ఒకచోట ‘రాకేష్ డిప్రెషన్‌తో బాధపడుతున్నట్టు సాక్షి విన్నది’ అని ఉంది. విన్నది కాదు, చూశానని కొట్టించి రాయించాను. దిద్దిన చోట పొట్టి సంతకం చేశాను. మిగతాదంతా నేను చెప్పినట్టే ఉంది, నేను చెప్పిందంతా నిజం.

(సంతకం)
వేమూరి కృష్ణకుమారి
ఇర్వింగ్, 2025 అక్టోబరు 14